మోటారు మార్చే ముందు ఇరుసుల్లో జుట్టు చూడండి

మీ రోబో వాక్యూమ్ కొని 14 నెలలైందని, రోజూ ఒకసారి తిప్పుతున్నారని, మొదట్లో 90 నిమిషాలు నడిచేది ఇప్పుడు 40 నిమిషాలకే డాక్‌కి (ఛార్జింగ్ పెట్టుకునే స్టాండుకి) వెళ్లిపోతోందని రాశారు. దానికి తోడు గరగరమనే శబ్దం, వెళ్లిన దారిలోనే దుమ్ము మిగిలిపోవడం, నల్ల తివాచీ అంచు దగ్గర వెనక్కి తిరగడం. చూసిన మెకానిక్ బ్యాటరీ, దుమ్ము లాగే సక్షన్ మోటారు రెండూ పోయాయన్నారు. ఫిల్టర్ వారానికోసారి దులుపుతున్నాం, బ్రష్ మీద జుట్టు తీస్తున్నాం, ఇంకేం చేయాలని మీ ప్రశ్న.

రెండూ ఒకేసారి పోవని అనను. కానీ ఇంటి సామాన్లు బాగుచేసే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. "మోటారు పోయింది" అని నా బల్ల మీదికి వచ్చిన రోబోల్లో ఎక్కువ వాటికి మోటారు బాగానే ఉంది. పైకి కనిపించని చోట జుట్టు, గాలి వెళ్లే దారిలో దుమ్ము, అంతే. మీది కూడా అదే అనుకోవడానికి నాకొక లెక్క ఉంది.

లిథియం అయాన్ బ్యాటరీ 300 నుంచి 500 సార్లు పూర్తిగా వాడి ఛార్జి చేశాక దాదాపు 80 శాతం సామర్థ్యానికి దిగుతుందన్నది మామూలు అంచనా. మీరు 14 నెలలు రోజూ తిప్పారంటే సుమారు 420 సార్లు. ప్రతిసారీ ఖాళీ అయ్యేదాకా తిప్పారనే అనుకుందాం. 90 నిమిషాల్లో 80 శాతమంటే 72. మీది 40కి పడిపోయింది. మిగతా ముప్పై నిమిషాలు బ్యాటరీ వయసు తినలేదు, మరేదో తింటోంది. అదేంటో చూసుకోకుండా కొత్త బ్యాటరీ వేస్తే కొన్ని వారాలు బాగున్నట్టే ఉంటుంది, ఆ తర్వాత కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ముందుగా ఒక చిన్న సంగతి. యాప్ తెరిచి సక్షన్ ఏ స్థాయిలో ఉందో చూడండి. ఎవరో ఒకరు ఎప్పుడో "మ్యాక్స్" నొక్కి వదిలేసిన ఇళ్లు చాలానే చూశాను. మ్యాక్స్‌లో నడిచే సమయం సగానికి పడిపోవడం వింతేం కాదు. అది కాకపోతే పనిలోకి దిగుదాం.

మెషిన్‌ని పవర్ బటన్‌తో పూర్తిగా ఆపండి. డాక్ మీద నుంచి తీస్తే చాలదు, తిరగేసినప్పుడు చెయ్యి తగిలి బ్రష్ తిరగడం మొదలుపెడితే వేళ్లకి దెబ్బ. నీళ్ల ట్యాంకు ఉంటే ముందే తీసేయండి, లేకపోతే వంచగానే లోపలికి కారుతుంది. మెత్తటి తువ్వాలు నాలుగు మడతలు వేసి దాని మీద తిరగేయండి. నెత్తి మీద గుండ్రటి బుడిపె ఉన్న మోడల్ అయితే లేజర్ అందులోనే ఉంటుంది. గట్టి బల్ల మీద బోర్లిస్తే బరువంతా దాని మీదే పడుతుంది. పనిముట్లుగా ఒక చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, పాత టూత్‌బ్రష్, పొడి పెయింట్ బ్రష్, నాలుగు ఇయర్‌బడ్లు, మైక్రోఫైబర్ గుడ్డ, టైలర్లు కుట్లు విప్పడానికి వాడే చిన్న కొక్కెం కత్తి ఉంటే చాలు. ఆ కొక్కెం కత్తి మాత్రం తప్పకుండా తెచ్చుకోండి. కత్తెరతో చేస్తే రబ్బరు రెక్కలు తెగుతాయి.

ఇప్పుడు మధ్యలో ఉండే పెద్ద రోలర్. "బ్రష్ మీద జుట్టు తీస్తున్నాం" అన్నారు. నమ్ముతాను. రోలర్ నడుముకి చుట్టుకున్న జుట్టు అందరికీ కనిపిస్తుంది, అందరూ తీస్తారు. అసలు చేటు చేసేది రెండు కొసల్లో ఉండేది. రోలర్ తిరిగే కొద్దీ నడుము మీది వెంట్రుకలు మెల్లగా పక్కకి జరిగి కొసన ఉన్న మూతల కిందికి దూరతాయి. అక్కడ ఇరుసుకీ బేరింగ్‌కీ మధ్య బిగుసుకుని, దుమ్ముతో కలిసి గట్టి రింగులా తయారవుతాయి. పైనుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది.

రోలర్ బయటికి తీసి రెండు కొసలూ చూడండి. చాలా మోడళ్లలో ఒక కొస చదరంగానో ఆరు పలకలుగానో ఉంటుంది, మోటారు పట్టుకునేది అదే. రెండో కొస గుండ్రంగా, దాని మీద వేలితో లాగితే ఊడొచ్చే ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఆ మూత లాగేయండి. మొదటిసారి తీస్తుంటే కాస్త మొరాయిస్తుంది, కొంచెం తిప్పుతూ లాగితే వస్తుంది. కింద జుట్టు చక్రం కనిపిస్తే కొక్కెం కత్తితో ఒక చోట కోసి, ఉంగరం తీసినట్టు తీసేయండి. తర్వాత మూతని ఇరుసు మీద పెట్టి వేలితో తిప్పి చూడండి. అడ్డు లేకుండా తిరగాలి. మెషిన్ వైపు కూడా చూడటం మర్చిపోవద్దు: రోలర్ చదరపు కొస దూరే గుంటలో కూడా జుట్టు మెలికలు పడి ఉంటుంది, పట్టకారుతో లాగండి.

ఒకాయన తెచ్చిన మెషిన్‌లో ఈ మూత రాపిడి వేడికి కరిగి ఇరుసుకి అతుక్కుపోయింది. ప్రతివారం రోలర్ తీసి శుభ్రం చేసేవారట. మూత ఊడొస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇలా బిగుసుకున్న రోలర్‌ని తిప్పడానికి దాని మోటారు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. మీ ముప్పై నిమిషాల్లో పెద్ద వాటా ఇక్కడే పోతోందని నా అనుమానం, గరగర కూడా ఇక్కడిదే అయి ఉండొచ్చు.

కుచ్చు బ్రష్ ఉన్న రోలర్ అయితే కుచ్చుల పొడవు చూడండి. ఒకవైపు అరిగి పొట్టిగా అయితే, లేదా రబ్బరు రెక్క అంచు చిరిగితే, ఎంత కడిగినా దుమ్ము వదిలేస్తుంది. కొత్తది వేయాల్సిందే.

పక్కన తిరిగే మూడు కాళ్ల చిన్న బ్రష్ ఒక్క స్క్రూతోనో, లాగితే వచ్చేట్టుగానో ఉంటుంది. దాని కింద, షాఫ్ట్ చుట్టూ జుట్టు ఉంటే తీయండి. కాళ్లు వంకర పోయి ఉంటే పారేయకండి, వేడి నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి వేళ్లతో సాఫీ చేస్తే మళ్లీ నిటారుగా వస్తాయి. పూర్తిగా ఆరాక బిగించండి. స్క్రూ మరీ బిగించొద్దు, కింద ఉన్నది ప్లాస్టిక్.

ముందు ఉండే చిన్న గిరక చక్రం ఎవరికీ గుర్తుండదు. స్క్రూ ఉండదు, గట్టిగా పైకి లాగితే మొత్తం ఊడొస్తుంది. కొన్నిట్లో చక్రాన్ని దాని పట్టు నుంచి కూడా విడదీయొచ్చు. ఇరుసు లాగి దానికి చుట్టుకున్న జుట్టు, గుంట అడుగున పేరుకున్న దూదిలాంటి దుమ్ము తీయండి. ఇది తిరక్కుండా ఈడ్చుకుపోతే నేల మీద గీతలు పడతాయి. ఇంకో తమాషా ఉంది. కొన్ని రూంబా మోడళ్లలో ఈ చక్రం సగం నలుపు, సగం తెలుపు ఉంటుంది. అందం కోసం కాదు. పైనున్న సెన్సర్ ఆ నలుపు తెలుపులు మారడం చూసి మెషిన్ ముందుకి కదులుతోందో లేదో తెలుసుకుంటుంది. చక్రం బిగుసుకుంటే, మెషిన్ నడుస్తూనే ఉన్నా ఎక్కడో ఇరుక్కుపోయాననుకుంటుంది. పెద్ద చక్రాలు రెండింటినీ చేత్తో లోపలికి నొక్కి వదలండి, స్ప్రింగ్‌లా తిరిగి రావాలి. వేలితో తిప్పితే రెండూ ఒకే బరువుగా అనిపించాలి.

ఇక గాలి దారి. మోటారు పోయిందో లేదో చెవితోనే కొంత పట్టుకోవచ్చు. మామూలు వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెడితే శబ్దం సన్నబడి పైకి లేస్తుంది, గమనించారా? గాలి రాకపోతే ఫ్యాన్‌కి తోయాల్సిన పని తగ్గి ఇంకా వేగంగా తిరుగుతుంది, అందుకే ఆ కీచు గొంతు. మీ రోబో కూడా మునుపటి కంటే సన్నగా అరుస్తూ దుమ్ము మాత్రం లాగకపోతే, మోటారు నిక్షేపంలా ఉన్నట్టు, దారి మూసుకుపోయినట్టు. మోటారు నిజంగా చెడిపోతుంటే గొంతు ఇలా సాఫీగా లేవదు. శబ్దం తగ్గుతూ పెరుగుతూ ఉండటం, గీసుకున్నట్టు వినిపించడం, కాలిన వాసన రావడం ఉంటాయి.

ఫిల్టర్ విషయంలో మీరు దులపడం మంచిదే. అయితే ఎలా దులుపుతున్నారు? చెత్త డబ్బా అంచుకి వేసి మెల్లగా తట్టాలి, గాలి లోపలికి వెళ్లే వైపు కిందకి ఉండాలి. బ్రష్‌తో రుద్దితే మడతల్లోని దుమ్ము ఇంకా లోతుకి పోతుంది. నోటితో ఊదితే తేమ చేరుతుంది. పెద్ద వాక్యూమ్ గొట్టం పెట్టి లాగితే పలచటి పొర చిరగొచ్చు. ఫిల్టర్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి: ఎక్కడైనా చుక్కలా వెలుగు సూటిగా కనిపిస్తే చిల్లు పడింది, దాన్ని వాడితే దుమ్మంతా ఫ్యాన్‌లోకి పోతుంది. తట్టినా బూడిద రంగు వదలకపోతే దాని ఆయుష్షు తీరింది.

కడగొచ్చా అంటే, అన్నీ కాదు. కడిగేవాటి మీద కొళాయి బొమ్మ గానీ, మాన్యువల్‌లో మాట గానీ ఉంటుంది. లేకపోతే నీళ్లు తగలనివ్వకండి, కాగితంలాంటి పొర పాడైపోతుంది. కడిగేదైతే చల్లటి నీళ్లు చాలు. సబ్బు వద్దు, వేడి నీళ్లు వద్దు. తర్వాత నీడలో, గాలి ఆడే చోట కనీసం 24 గంటలు ఆరనివ్వాలి. ఇది నేను అనుభవం మీద చెబుతున్నాను. మా ఇంట్లో తొందరపడి నాలుగు గంటలకే తిరిగి పెట్టాను, పైకి పొడిగానే అనిపించింది. వారానికల్లా మెషిన్ తిరిగినప్పుడల్లా ముక్కిపోయిన గుడ్డ వాసన. విప్పి చూస్తే ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము బురదై, ఎండి అట్టకట్టింది. అప్పటినుంచి రెండు ఫిల్టర్లు పెట్టుకున్నాను. ఒకటి ఆరుతుంటే ఒకటి పని చేస్తుంది. పది మందికి చెప్పగలిగిన సలహా ఒక్కటే అడిగితే ఇదే చెబుతాను.

దుమ్ము డబ్బాని కూడా ఖాళీ చేసి వదిలేయకండి. ఫిల్టర్ వెనక జాలీ ఉంటే దాని మీద దూదిలా పేరుకుంటుంది, టూత్‌బ్రష్‌తో తీయండి. నోటి దగ్గర ఉన్న రబ్బరు మూత తెరుచుకుని మూసుకోవాలి, అంచు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ చిరిగితే గాలి పక్క నుంచి లీక్ అవుతుంది, సక్షన్ తగ్గుతుంది. డబ్బా గోడకి ఎదురెదురుగా చిన్న కిటికీలు ఉన్న మోడల్ అయితే అవి డబ్బా నిండిందో లేదో చూసే కళ్లు. వాటి మీద దుమ్ముంటే ఖాళీ డబ్బాని కూడా నిండిందని చెబుతాయి. డబ్బాలో విద్యుత్ భాగాలు లేకపోతేనే కడగండి. డబ్బా తీసేశాక మెషిన్‌లో కనిపించే గాలి రంధ్రంలోకి టార్చి కొట్టి చూడండి, అక్కడ ఇరుక్కున్న కాగితం ముక్కో, ప్లాస్టిక్ కవరు ముక్కో కనిపించిన సందర్భాలు లెక్కలేనన్ని.

గోడలు గీకినప్పటి సున్నపు పొడి, బూడిద, పిండి లాంటివి రోబోతో ఎత్తించొద్దు. అంత మెత్తటి పొడి ఒక్క పూటలో ఫిల్టర్‌ని మూసేస్తుంది. పెంపుడు జంతువు చేసిన తడి పనుల గురించి చెప్పనక్కర్లేదు. ఒకసారి ఇల్లంతా పూసి వచ్చిన మెషిన్‌ని నేను మూడు గంటలు విప్పాను.

నల్ల తివాచీ సంగతికి వద్దాం. మెషిన్ అడుగున అంచుల్లో చిన్న చిన్న నల్లటి కిటికీలు నాలుగో ఆరో ఉంటాయి. ఇవి మెట్ల మీద నుంచి పడిపోకుండా కాపాడే క్లిఫ్ సెన్సర్లు. పరారుణ కాంతిని కిందకి పంపి, నేల నుంచి తిరిగి వస్తే దారి ఉందని, రాకపోతే గొయ్యి ఉందని అనుకుంటాయి. ముదురు నలుపు ఆ కాంతిని మింగేస్తుంది, కాబట్టి మెషిన్ కళ్లకి మీ తివాచీ అగాధంలా కనిపిస్తోంది. కిటికీ మీద దుమ్ము పొర ఉన్నా అదే జరుగుతుంది. కాబట్టి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో అన్నిటినీ తుడిచి చూడండి. జిగట ఉంటే గుడ్డని కొంచెం తడిపి పిండి తుడవండి, మెషిన్ మీద ఏదీ స్ప్రే చేయొద్దు. లేత రంగు నేల మీద కూడా వెనక్కి తిరుగుతూ ఉండి, తుడిచాక అది ఆగితే దుమ్ము సమస్య తీరినట్టు. తివాచీ దగ్గర మాత్రమే మిగిలితే అది రోగం కాదు, ఆ సెన్సర్ తీరే అంత. యాప్‌లోని ఇంటి మ్యాప్‌లో అటు వెళ్లొద్దని అక్కడ గీత గీసి వదిలేయండి. సెన్సర్ మీద తెల్ల టేపు అంటించమని చెప్పేవాళ్లుంటారు. మీ ఇంట్లో ఒక్క మెట్టున్నా ఆ పని చేయకండి.

ముందున్న బంపర్‌ని ఎడమ, మధ్య, కుడి వైపుల్లో నొక్కి చూడండి, ప్రతిచోటా టక్కుమని వెనక్కి రావాలి. ఇసుక రేణువు ఇరుక్కుంటే ఏదో ఢీకొన్నట్టు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. లేజర్ బుడిపె సందులో పొడి బ్రష్‌తో ఒకసారి తిప్పితే చాలు.

ఇప్పుడు బ్యాటరీ, దానికంటే ముందు ఛార్జింగ్ పలకలు. మెషిన్ అడుగున రెండు లోహపు పలకలు, డాక్ మీద వాటికి ఎదురుగా రెండు ఉంటాయి. వాటి మీద మసక పొర పేరుకుంటే ఛార్జింగ్ అంటుకుంటూ వదులుతూ ఉంటుంది. పూర్తి ఛార్జి లేకుండానే బయలుదేరి 40 నిమిషాలకి వెనక్కి వచ్చే మెషిన్లు ఉంటాయి, యజమాని మాత్రం బ్యాటరీనే తిట్టుకుంటాడు. మెలమైన్ స్పాంజి కొంచెం తడిపి రుద్దండి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. ఉప్పు కాగితం వాడొద్దు, పలక మీది పూత పోయి తుప్పు త్వరగా పడుతుంది. డాక్ ముందు మీటరున్నర, రెండు పక్కలా అర మీటరు ఖాళీ ఉంచమని చాలా మాన్యువల్స్ చెబుతాయి. మీ డాక్ కుర్చీల మధ్య ఇరికించి ఉంటే అదీ చూసుకోండి.

ఇదంతా అయ్యాక పూర్తిగా ఛార్జి చేసి, మధ్యస్థ సక్షన్‌లో డాక్‌కి తిరిగొచ్చేదాకా నడిపి నిమిషాలు రాసుకోండి. 65, 70 నిమిషాలు వస్తే బ్యాటరీ బాగానే ఉంది. ఇంకా 40 దగ్గరే ఆగితే అప్పుడు మార్చండి, మీ మెకానిక్ మాట నిజమే. కొనేటప్పుడు వోల్టేజీ, కనెక్టర్ పాతదానితో సరిపోవాలి. చాలా మెషిన్లలో ఉండేది 14.4 వోల్టుల ప్యాక్, లోపల 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు ఉండే సెల్స్. ఊరికే చవకగా దొరికిందని రక్షణ సర్క్యూట్ సరిగా లేని ప్యాక్ వేయకండి. పాతది ఉబ్బితే ఛార్జి చేయడం ఆపి, గుచ్చకుండా, మామూలు చెత్తలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. రోజూ వాడే మెషిన్ డాక్ మీదే ఉండొచ్చు, లోపలి సర్క్యూట్ ఎక్కువ ఛార్జి కానివ్వదు. నెలల తరబడి ఇల్లు తాళం వేసి వెళ్తుంటే మాత్రం సగం ఛార్జితో, స్విచ్ ఆపి, వేడి తగలని చోట పెట్టండి.

నీళ్ల ట్యాంకులో ఫినాయిల్ కలపొచ్చా అని చివర్లో అడిగారు. వద్దు. బ్లీచ్ అసలే వద్దు. రబ్బరు సీళ్లు, చిన్న పంపు దెబ్బతింటాయి, నురగ వచ్చే ద్రావణాలు దారి మూస్తాయి. కంపెనీ తన మోడల్‌కి ప్రత్యేకంగా చెప్పిన ద్రావణం తప్ప మామూలు నీళ్లే. తుడిచాక ట్యాంకు ఖాళీ చేసి, గుడ్డ విప్పి ఉతికి ఆరేయండి. తడి గుడ్డతోనే డాక్ మీద రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి వాసన. గుడ్డ ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది.

ఎంత కాలానికోసారి అంటే యాప్‌నే నమ్ముకోకండి. "ఫిల్టర్ 62 శాతం" అని అది చూపించేది కొలత కాదు, గంటల లెక్క. రోబోరాక్, షావోమీ యాప్‌లలో పెద్ద రోలర్‌కి 300 గంటలు, పక్క బ్రష్‌కి 200, ఫిల్టర్‌కి 150, సెన్సర్లు తుడవడానికి 30 గంటలు అని ఉంటుంది. అది ఫిల్టర్‌ని చూసి చెప్పడం లేదు, గడియారం చూసి చెబుతోంది. పొడుగు జుట్టు ఉన్నవాళ్లు ఇద్దరుండి, పిల్లి కూడా ఉన్న ఇంట్లో రోలర్ కొసల మూతలు వారానికోసారి తీయాల్సిందే. ఒంటరిగా ఉండేవాళ్లకి నెలకోసారి చాలు.

అన్నీ చేశాక కూడా గరగర మిగిలితే ఇలా పట్టుకోండి. పక్క బ్రష్ విప్పేసి ఒక నిమిషం నడపండి. శబ్దం పోతే అది దాని గేర్ పెట్టెలోంచి వస్తోంది. పోకపోతే పక్క బ్రష్ బిగించి, రోలర్ తీసి నడపండి, చాలా మోడళ్లు రోలర్ లేకపోయినా కదులుతాయి. అప్పుడు పోతే రోలర్ బేరింగో, దాని మోటారో. ఈ రెండిట్లో ఏది తీసినా శబ్దం వస్తూనే ఉంటే పెద్ద చక్రాలని ఒక్కొక్కటిగా చేత్తో తిప్పండి, ఏది గరగరమంటే దాన్నే మార్చాలి. చక్రం, దాని మోటారు, గేర్లు కలిపి ఒకే ముక్కగా దొరుకుతాయి, నాలుగైదు స్క్రూలు, ఒక కనెక్టర్. ఏ దశలో శబ్దం ఆగిందో, తుడిచాక ఎన్ని నిమిషాలు నడిచిందో రెండు ముక్కలు ఇక్కడ రాయండి. దాన్నిబట్టి ఏ పార్టు కొనాలో చెబుతాను.